చౌకసైకిలు వెల యెంత?

ఒక వస్తువునకు అంగడివాడు చెప్పు వెల యొకటి. దానిని ఇంటివారు నాలుగేండ్లు వాడిన పిమ్మట లెక్కచూచుకొనగా తేలు వెల మఱియొకటి. మొదటిదానికొఱకు మనము గంటసేపు బేరమాడుదుము. రెండవదానిని అడుగువారే యరుదు. కుండకును గొడుగునకును ఈ రెండు వెలల నడుమ భేదము స్వల్పముగనే యుండును. సైకిలు విషయమున అట్లుకాదు. చౌకగా దొరకినదని సంతోషించి కొన్న సైకిలు రెండేండ్లు తిరుగునప్పటికి తన వెలనంతయు మఱల నొకమాఱు అడిగి పుచ్చుకొనుట మనలో పలువురెఱిగినదే. ముప్పదియేండ్ల క్రిందటి నల్లసైకిలు నేటికిని రెండువైపుల పాలబిందెలు మోయుచు సంతకు పోవుటయు ఎఱిగినదే. ఈ యంతరమునకు కారణమేమి? ఆ పోషణవ్యయమును ఏ కాలమున ఎవరు భరించిరి? ఈ ప్రశ్నలకు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు ఊళ్ల ననుసరించి సమాధానము వెదకవలెనని మా కోరిక.

పెనుకొండ పేరు విన్నంతనే చదువరులకు 1565 నాటి తళ్లికోట యుద్ధమును, అటుపిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియైన ఆ గిరిదుర్గమును, గగనమహలును స్మరణకు వచ్చును. హిందూపురమనగా బెల్లము, చింతపండు, మిరప బేరములును, సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న లేపాక్షి యాలయమును తలపునకు వచ్చును. ధర్మవరమనగా పట్టుచీరలే. ఆలయములను గూర్చియు శాసనములను గూర్చియు వ్రాసినవారు మనలో పెక్కురున్నారు. వారి శ్రమ మిక్కిలి గౌరవింపదగినది. అయినను ధర్మవరపు నేతగాడు నేసిన చీరను దేనిపై పెట్టుకొని షావుకారు ఇంటికి చేర్చెను, ఆ సాధనమునకు ఏటేట నెంత వెచ్చించెను అను ప్రశ్నలును చరిత్రలోనివేయని మా యభిప్రాయము. రాజుల గుఱ్ఱముల మేత లెక్కలను శ్రద్ధతో వెదకు చరిత్రకారుడు కూలివాని సైకిలుగొలుసు లెక్కను చిన్నచూపు చూడనక్కఱలేదు.

ఈ మూడు ఊళ్లును గుంతకల్లునుండి బెంగుళూరునకు పోవు రైలుదారిపై నున్నవి. ఆ దారి 19వ శతాబ్ది చివరి దశాబ్దమున పడినది. ఒక ఊరికిని దాని ప్రక్క ఊరికిని నడుమ ఇంచుమించు 40 కిలోమీటర్లు. రైలు ఊరినుండి ఊరికి చేర్చును గాని స్టేషనునుండి పల్లెకు చేర్చదు. పల్లెనుండి స్టేషనునకు ఎద్దుబండి యుండెను. కాని ఎద్దు పనిలేని దినమునను మేత మేయును. కరవువచ్చినచో అమ్మబోయినను కొనువాడుండడు. దేశమున మిక్కిలి తక్కువ వానపడు జిల్లాలలో నొకటియని అనంతపురమునకు పేరు. ఈ మూడు పట్టణములు 2022 ఏప్రిలులో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనికి చేరినను వాన మాత్రము జిల్లాతోపాటు మాఱలేదు. మేత యడుగని వాహనమునకు ఇట్టిసీమలో ఆదరణ కలుగుట ఆశ్చర్యము కాదు. సైకిలు మేత యడుగదు; కాని మఱియొకరీతిగ తిండి యడుగును. ఆ సంగతి ముందు చెప్పెదము.

నేడు మనము చూచు సైకిలునకు మూలరూపము 1885లో ఇంగ్లాండునందలి కవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన రోవరు సైకిలు. ఇంచుమించు సమానమైన రెండు చక్రములు, గొలుసుతో వెనుకచక్రమును త్రిప్పు ఏర్పాటు దానియందు కుదిరినవి. 1888లో బెల్ఫాస్టునందు డన్‌లప్ అను పశువైద్యుడు గాలితో నింపిన రబ్బరు చక్రమునకు హక్కుపత్రమును పొందెను. ఈ గాలిచక్రము వచ్చినతోడనే సైకిలుప్రయాణము సుఖకరమైనది. పంక్చరు అను మాటయు దానితోడనే పుట్టినది.

ఇచట ఒక విచిత్రము చెప్పవలసియున్నది. మన రాయలసీమను నేడు నిండా కప్పివేసిన సర్కారు తుమ్మ ఈ దేశపు చెట్టు కాదు. దాని విత్తనములను 1877లో అటవీశాఖవారు తెప్పించి కడపజిల్లాలోని కమలాపురము వద్ద నాటించిరి. వంటచెఱకునకు పనికివచ్చునని తెచ్చిన యా చెట్టు చెఱువుగట్లను, బీళ్లను, బాటల ప్రక్కలను ఆక్రమించినది. దాని ముల్లు తోలుచెప్పును దాటిపోవును; రబ్బరు దానికొక లెక్కకాదు. అంతకు పూర్వమునుండియు పల్లేరుకాయ మన పొలములలో నుండనే యున్నది. అది ఏ వాటమున పడినను ఒక ముల్లు మీదికి నిలిచియుండును. ఇట్లు గాలిచక్రము బెల్ఫాస్టులో పుట్టుటకు పదునొకం డేండ్లు ముందుగనే దానిని పొడుచు ముల్లు మన సీమలో నాటుకొని సిద్ధముగ నుండెను. కోస్తాజిల్లాల సైకిలునకు ఉప్పుగాలి, త్రుప్పు శత్రువులు. మన సైకిలునకు త్రుప్పు బాధ అంతగా లేదు. ఎండయు, దుమ్మును, ముల్లును శత్రువులు. పోషణవ్యయమును గణించునపుడు ఈ భేదమును మఱువరాదు.

తొలిదినములలో సైకిలు దొరల వాహనము. తరువాత ప్లీడర్లు, వైద్యులు, తాలూకా ఉద్యోగులు దానిని కొనిరి. రాలీ, హంబరు, రడ్జ్, మూడు తుపాకుల గుర్తుగల బి.ఎస్.ఏ. మొదలగునవన్నియు ఇంగ్లాండునుండి ఓడలపై వచ్చినవే. ఒక గుమాస్తా అట్టి సైకిలును కొనవలెనన్నచో కొన్నినెలల జీతము చాలకపోవుచుండెను. 1910లో బర్మింగుహామున వెలసిన హెర్క్యులిస్ సంఘమువారు సైకిలును పెద్దసంఖ్యలో తయారుచేసి వెల తగ్గించుటయే తమ విధానముగ పెట్టుకొనిరి. 1930ల దశాబ్దమున జపాను సైకిళ్లు అంతకంటెను చౌకగ మన రేవులలో దిగినవి. జపాను సరకు చూపునకు ఇంపు, వాడుకకు లోపు అని ఆ కాలమున వాడుకలోనికి వచ్చిన అపవాదు సైకిళ్లకును తగిలినది. ఆ యపవాదులో ఆంగ్లవర్తకుల అసూయపాలును కొంత యుండవచ్చును. అయినను చౌకసైకిలు, మంచిసైకిలు అను రెండు తరగతులు మన యంగళ్లలో మొట్టమొదట స్పష్టముగ విడిపోయినది అప్పుడే.

మంచిసైకిలు మంచిదగుటకు దాని బొమ్మగాని రంగుగాని కారణము కాదు. చట్రమును కలుపు మూలలలో గుల్లలు పెట్టి ఇత్తడితో అతికియుండుట, ఇరుసుపై గుండ్లు దొరలు చోట ఉక్కునకు తగిన పదును పెట్టియుండుట, గొలుసులోని సన్నని దిమ్మలు మెత్తనివి కాకుండుట, ఇవియే ముఖ్యములు. వీనిలో ఒక్కటియైనను అంగడిలో నిలుచున్న కొనుగోలుదారునికి కనబడదు. చౌకసైకిలునందు వెల తగ్గించినచోటును ఇదియే. తళతళలాడు గంటయు, పూలగుర్తుల బురదరేకును ఎవ్వరును తగ్గింపరు.

కనబడని ఈ భేదము ఎట్లు బయటపడునో కొంచెము విచారింతము. పెద్దసైకిలు చక్రము 28 అంగుళములు. అది యొకమాఱు తిరిగినచో సుమారు రెండుంబావు మీటర్లు సాగును. హిందూపురమునుండి లేపాక్షికి పోవులోపల చక్రము ఇంచుమించు 6,700 మాఱులు తిరుగును. ముందుపళ్లచక్రమునకు 44 పళ్లు, వెనుకదానికి 18 పళ్లు ఉన్న సైకిలుపై తొక్కువాని పాదములు సుమారు 2,750 మాఱులు తిరుగవలెను. పోయివచ్చుట కది రెండింతలు. మోకాలిబలము ప్రతిమాఱును ఒక చిన్న మేకుపై పడుచుండును. పెడలుకొయ్యను ఇరుసునకు బిగించు ఆ మేకును మనవారు కాటరు పిన్ను అందురు. మెత్తని ఇనుముతో చేసిన పిన్ను కొలదినెలలకే అరిగి టకటకయను చప్పుడు చేయును. అప్పుడే మార్చినచో పోవునది కొలది పైకము. చప్పుడేకదాయని ఊరకున్నచో పెడలుకొయ్య రంధ్రము కోలగ సాగును, ఇరుసుగాడి చెడును. చిన్నమేకు వ్యయము పెద్ద యినుపసామానుల వ్యయముగ మాఱును.

గొలుసు సంగతియు నట్టిదే. కొత్తగొలుసున 24 కణుపులు సరిగ 12 అంగుళములు. అరిగినకొలది అది సాగినట్లగును. అదే 24 కణుపులు పన్నెండుంబాతికలో సగము, అనగా 12⅛ అంగుళములు, వచ్చినచో గొలుసును మార్చవలెను. మార్చనిచో సాగిన గొలుసు పళ్లచక్రముల పళ్లను కొక్కెములవలె కోసివేయును. పిమ్మట కొత్తగొలుసు వేసినను జాఱును. మూడు వస్తువులును కలిసి మార్చవలసివచ్చును. మన దుమ్ము చమురుతో కలిసినచో ఆకురాయివంటిది. ఇందు మన ఇండ్లలో జరుగు పొరపాటొకటి కలదు. వేరుసెనగ పండించు సీమయగుటచేత వంటింటి వేరుసెనగ నూనెనే గొలుసునకు పోయుట పలుచోట్ల అలవాటు. అది కొన్నాళ్లకు బంకగట్టి దుమ్మును విడువక పట్టుకొనును. ఖర్చులేదనుకొన్న యా చెంచెడు నూనె గొలుసు ఆయుర్దాయమును తగ్గించును. కిరసనాయిలుతో కడిగి యంత్రపు చమురు చుక్కలుగ వేయుటకు పావుగంట చాలును.

అన్నిటికంటె చౌకయైనదియు, అన్నిటికంటె ఎక్కువ నష్టము కలిగించునదియు గాలిగొట్టములోని సన్నని రబ్బరుతొడుగు. మన ఎండలకు అది పెళుసుబాఱి పగులును. రాత్రి నింపిన గాలి తెల్లవాఱునప్పటికి ఉండదు. పనికి ఆలస్యమగునని మెత్తని చక్రముతోనే తొక్కినచో టైరు ప్రక్కలు చీలును, రాతిపై పడినచో అంచుకమ్మి వంగును, చువ్వలు సడలును. వెనుకచక్రమునకు 40, ముందుచక్రమునకు 32 చువ్వలుండుట మన పెద్దసైకిళ్ల వాడుక. బరువంతయు వెనుకకు పడుటచే అట్లేర్పఱచిరి. కాని ఆ ఏర్పాటు చేసినవారు కరవుదినములలో నాలుగు నీటిబిందెలను కట్టుకొని పోవు మన రాయలసీమవానిని ఊహించియుండరు. ఒక చువ్వ తెగినచో దాని బరువు ప్రక్కవానిపై పడును. తెగిన మొదటిదానిని ఆ దినమే వేయించినవానికి ఒక చువ్వతో పోవును, సంతదినమువఱకు ఆగినవానికి చక్రమే వంకరపోవును. పేదవానికి చౌకసైకిలు ప్రియమగుటలోని కీలకము ఇచటనే యున్నది. ధనికుడు చిన్నవ్యయమును చిన్నదిగ నుండగనే చేయగలడు. కూలిడబ్బు శనివారమునగాని చేతికి రానివాడు బుధవారపు చువ్వను వాయిదావేయును. ఆ వాయిదాకు వడ్డీ గట్టునది సైకిలు.

రెండవ ప్రపంచయుద్ధమున ఈ పోషణసమస్య దేశమంతటికి ఒక్కమాఱే వచ్చినది. 1942లో మలయా జపానువారి వశమగుటతో రబ్బరు వచ్చు త్రోవ మూసికొనిపోయినది. వంగదేశమున హుగ్లీతీరపు సాహాగంజిలో 1936నుండి డన్‌లప్ కర్మాగారము పనిచేయుచున్నను యుద్ధపు అవసరములు ముందు, ప్రజల అవసరములు తరువాత. టైరు కన్నపడినచోట పాతటైరు ముక్కను లోపల ఆనించి కుట్టుట, గొట్టమునకు అతుకుపై అతుకు వేయుట మనవారు బాగుగ నేర్చినది ఇట్టి కరవులలోనే. సైకిలు కలిగియుండుటకును, నడుపగలుగుటకును గల భేదము అప్పుడు సంపన్నులకును తెలిసివచ్చినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట సైకిళ్లు మన దేశముననే విరివిగ తయారుకాజొచ్చెను. మదరాసు చెంత అంబత్తూరున టి.ఐ. సైకిళ్ల సంఘము 1949లో నెలకొన్నది; ఇంగ్లాండు హెర్క్యులిస్ పేరు మన యంగళ్లకు అచటినుండి రాసాగెను. సోనేపతున అట్లాసు 1951లో ఆరంభమైనది. వంగదేశమున అసన్‌సోలు వద్ద సెన్-రాలీ వెలసినది. వీనికంటె మాకు విశేషముగ తోచునది లూధియానా కథ. ముంజాలు సోదరులు మొదట సైకిళ్లు చేసినవారు కారు. సైకిలు విడిభాగములను అమ్మినవారు, పిమ్మట వానిని చేయించినవారు. దేశవిభజన తరువాత లూధియానాలో స్థిరపడి 1956లో హీరో సైకిళ్లను ఆరంభించిరి. 1986 నాటికి ప్రపంచమున నెల్లరికంటె నెక్కువ సైకిళ్లు చేయు సంఘమని గిన్నీసు గ్రంథమున కెక్కిరి. చెడిపోయిన ముక్కను మార్చు వర్తకమే మొత్తము సైకిలును చేయు పరిశ్రమకు తల్లియైనదన్నమాట.

ఈ స్వదేశపు సైకిళ్లు ఆంగ్లసైకిలు కొలతలనే అనుసరించినవి. దానివలన కలిగిన మేలు అంతింత కాదు. ఒక సంఘపు చట్రమునకు మఱియొక సంఘపు చక్రము, మూడవవారి గొలుసు అమరును. ధర్మవరమున తెగిన గొలుసునకు తగిన కణుపు పెనుకొండలో దొరకును. పదియేండ్లు తిరిగిన సైకిలున చట్రము తప్ప తక్కినదంతయు మాఱియుండుట కలదు. అయినను యజమాని దానిని ‘మా నాయన బండి’ యనియే చెప్పుకొనును. నల్లసైకిలు దీర్ఘాయువునకు దాని ఉక్కు ఒక్కటే కారణము కాదు. దాని భాగములు విడివిడిగ చావగలవు. ఒకటి చచ్చినను తక్కినవి బ్రతుకగలవు.

ఇట్టి బ్రతుకునకు ఆధారమైనవాడు చెట్టుక్రింది మరమ్మతుకారుడు. ఒక నీళ్లతొట్టి, చేతిపంపు, రెండు పానాలు, ఆకురాయి, జిగురుగొట్టము, పాతగొట్టముల ముక్కలు, ఇవియే పెట్టుబడి. ఈ పని ఏ కులమునకును సొంతము కాకుండుట గమనింపదగినది. కమ్మరికి కొలిమియు, కుమ్మరికి సారెయు వంశక్రమమున వచ్చినవి. పంక్చరు వేయుట ఎవ్వరి తాతయు ఎఱుగని విద్య కాబట్టి చేయిచాచిన ప్రతి బాలునికిని అది దక్కినది. బడిమానిన పిల్లలు పలువురు అచట పనికి కుదిరిరనుట కూడ సత్యమే. ఆ సంగతిని కప్పిపుచ్చి పొగడుట మాకిష్టము లేదు. ఆ యంగడివాడే బాడుగకు సైకిళ్ల నిచ్చుచుండెను. బురదరేకుపై అంకె వ్రాసిన ఆ బాడుగసైకిలును గంటకింతయని తీసికొని, కమ్మీ క్రిందినుండి కాలు దూర్చి తొక్కుచు, మోకాళ్లు పగులగొట్టుకొని నేర్చిన తరములు మనవి. రోజునకు పదిమంది తొక్కు బండిని బ్రతికించుకొనుట ఆయనకు అన్నముతో సమానము. కావున ఏ సంఘపు సైకిలు నిలుచును, ఏది నిలువదు అను ప్రశ్నకు అంగడిప్రకటనలకంటె ఆయన కొని పెట్టుకొన్న బండ్లే నమ్మదగిన సాక్ష్యము. ఆయన ఎన్నడును పూలగుర్తుల సైకిలును బాడుగకు కొనలేదు.

పోషణవ్యయమున మఱచిపోబడు భాగములు కొన్ని కలవు. పురపాలకసంఘములు సైకిలుపై పన్ను విధించి ఇత్తడిబిళ్ల నిచ్చుచుండెడివి. చీకటిపడిన పిమ్మట దీపము లేక తొక్కినవాడును, వెనుక మఱియొకని నెక్కించుకొన్నవాడును పోలీసువానికి జవాబు చెప్పవలసియుండెను. ఇవి పైకముతో తీఱు ఖర్చులు. పైకముతో తీఱని ఖర్చు మఱియొకటి కలదు. మన దేశమున పెక్కు గ్రామములలో అగ్రవర్ణముల వీథి వచ్చినపుడు హరిజనుడు సైకిలు దిగి నడిపించుకొని పోవలసియుండెను. సొంతడబ్బుతో కొని, సొంతకూలితో పోషించుకొన్న వాహనముపై ఆ వీథిపొడవున కూర్చుండు హక్కు అతనికి లేకపోయెను. ఆ అవమానమును ఏ పద్దున వ్రాయవలెనో మాకు తెలియదు.

వరకట్నపు జాబితాలలోనికి సైకిలు, చేతిగడియారము, రేడియో చేరిన కాలమొకటి యుండెను. 1961లో వరకట్ననిషేధశాసనము వచ్చినను ఆ జాబితా తగ్గలేదు. సైకిలు స్థానమున మోటారుసైకిలు వచ్చినది. మామగారు అప్పుచేసి కొనియిచ్చిన సైకిలుపై అల్లుడు తిరుగును. దానిపై ఎక్కుట కూతురునకు తప్పు. ఆడుపిల్ల సైకిలు తొక్కరాదనుటకు మనవారు చెప్పిన కారణములన్నియు వ్రాసినచో ఈ సంచిక చాలదు. చీర గొలుసులో పడుననుట వానిలో నొకటి. గొలుసునకు నిండుడబ్బా తొడిగినచో ఆ భయము తీఱును. తక్కిన భయములకు డబ్బా లేదు. పొరుగున తమిళదేశములో పుదుక్కోట జిల్లాయందు 1990ల ఆరంభమున అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చిరి. ఆడసైకిళ్లు చాలనందున మగసైకిళ్లనే ఎక్కిరి. నడుమ కమ్మీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనుటకు వీలని వారిలో కొందఱు వానినే మెచ్చుకొనిరట.

ప్రభుత్వములును ఈ సంగతి గ్రహించినవి. బీహారున 2006నుండి బడిబాలికలకు సైకిళ్లిచ్చుటకు పూనిరి. దానివలన ఉన్నతపాఠశాలలో బాలికల చేరిక 32 శాతము పెరిగెననియు, బాలురకును వారికిని గల యంతరము 40 శాతము తగ్గెననియు కార్తిక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనువారు 2017లో ప్రకటించిన పరిశోధనలో తేల్చిరి. మన ఆంధ్రప్రదేశమునందును అదే 2017లో ‘బడికొస్తా’ యను పేర ఉన్నతపాఠశాల బాలికలకు సైకిళ్లను పంచిరి. ఇది మెచ్చదగినపని. అయితే వెలను మాత్రమే ఎవరో చెల్లించి పోషణను పుచ్చుకొన్నవారికి విడుచుట సైకిళ్ల చరిత్రలో కొత్తది కాదు. మామగారి కట్నపు సైకిలును అట్టిదే.

మా యింట పాలుపోయు నామె కూతురు ఒక పల్లెనుండి హిందూపురమునకు చదువునకు వచ్చుచుండెడిది. ఒకపుడు పదునైదు దినములు బడికి రాలేదని తెలిసి మేము జ్వరమేమోయని విచారింపబోతిమి. జ్వరము లేదు. సైకిలు వసారాలో గోడకు ఆనుకొని యున్నది. రెండు చక్రములును నేలకు అంటుకొని యున్నవి. ‘టైరు చీలిపోయింది సార్, అమ్మ కూలిడబ్బు వచ్చినాంక తెస్తాననింది’ అని ఆ పిల్ల సిగ్గుపడుచు చెప్పినది. మేము ఆ బండిని నడిపించుకొని సంతబాట యంగడికి పోతిమి. ముసలి మరమ్మతుకారుడు చక్రము విప్పి చూపెను. ముల్లు గ్రుచ్చుకొన్నది ఒక్కచోటే. దానితోనే తొక్కుటచే గొట్టము నలుగుచోట్ల నలిగినది, టైరు ప్రక్కకు చీలినది. మేము బండి చెడ్డదని నిందింపగా ఆయన తలయెత్తక, ‘బండి కొనేది ఒగనాడే సార్. దాన్ని సాకేది దినామూ’ అనెను. టైరు, గొట్టము, రెండు చువ్వలు, కూలి కలిసి అయిన పైకము ఆ తల్లి మూడుదినముల సంపాదన. మొదటిదినము ముల్లు తీసి అతుకువేయించియున్నచో ఒక్కపూట సంపాదనయు పట్టియుండదు. పోయిన పదునైదు దినముల పాఠములు దీనిలో చేరలేదు.

నేటి యంగళ్లలో చౌకసైకిలు రూపు మాఱినది. సాధారణమైన నల్లసైకిలు సుమారు 5,000 నుండి 7,000 రూపాయల నడుమ దొరకును. దాని ప్రక్కనే ఇంచుమించు అదే వెలకు లావుటైర్లు, ముందు ఊగు స్ప్రింగులు, పలుపళ్ల మెట్లు, పళ్లెమువంటి బిరడాలతో రంగురంగుల సైకిళ్లు వ్రేలాడుచున్నవి. అదే వెలలో ఇన్ని హంగులు ఎట్లు ఇమిడినవని కొనువారు అడుగరు. స్ప్రింగు లోపలి తొడుగులు అరిగినచో వానికి విడిభాగము దొరకదు. పలుచని గొట్టముల అతుకు విడినచో మఱల అతికిన కొలదినాళ్లకే దాని ప్రక్కన విడును. బిరడా వంగినచో చెట్టుక్రింది మరమ్మతుకారుడు సుత్తితో సరిచేయ చూచును. ఆయన తప్పు కాదు, ఆయన చేతిలోనున్నది సుత్తియే. పిల్లవాడు రెండేండ్లలో పెరిగి బండిని విడుచునని తలిదండ్రులు తమకు తాము చెప్పుకొందురు. పట్టణపు ఇంటికి ఆ లెక్క సరిపోవచ్చును. తెల్లవాఱుజామున మల్బరీ ఆకుమోపులు మోయు పట్టుగూళ్ల రైతునకు సరిపోదు.

మరమ్మతు లేక వాడుచునే యున్నచో బండి చెడును. వాడక మూలబెట్టినను చెడుననుట పలువు రెఱుగరు. నిలువయున్న రబ్బరు బీటలువాఱును, ఇరుసులలోని జిడ్డు గట్టిపడును, నేలకంటిన చక్రము అచ్చటనే నలిగి చీలును. బడిసెలవులలో చక్రములకు గాలినింపి నీడను పెట్టవలెనని పాఠశాలలవారు బాలికలకు చెప్పుట మేలు. సైకిళ్లను పంచునపుడు ఏడాదికి సరిపడు గొట్టములు, తొడుగులు, ఒక చేతిపంపు, పంక్చరు వేయు సామగ్రియు కలిపి యిచ్చుటయు, ఒక పూట వానిని వాడుట నేర్పుటయు అసాధ్యము కాదు. పదునాలుగేండ్ల పిల్లకు పంక్చరు వేయుట పూలజడ వేయుటకంటె కష్టమైన పని కాదని మేము స్వయముగ చూచితిమి. పాలామె కూతురు ఆ ముసలివానివద్ద అరగంటలో నేర్చినది. ఇపుడు తన వీథిలోని నలుగురు పిల్లలకు తానే వేయుచున్నదట.

పెనుకొండ దాపున ఎఱ్ఱమంచి వద్ద కియా కారుల కర్మాగారమునుండి 2019లో కారులు వెలువడుట ఆరంభమైనది. 1951 నాటి అట్లాసువారి చివరి కర్మాగారము సాహిబాబాదులో 2020 జూన్ 3వ తేదీన, ప్రపంచ సైకిలు దినముననే, మూతపడినది. మేము పోయిన సంతబాట యంగడిలోను ఇపుడు మోటారుసైకిళ్ల గొట్టములే ముందువరుసను వ్రేలాడుచున్నవి. కాటరు పిన్నులున్న పాత రేకుడబ్బా బల్లక్రింద వెనుకకు పోయినది. ఎవడైన అడిగినపుడు ఆయన వంగి దానిని బయటికి లాగి, పిన్నును ఆకురాయిపై రెండుమాఱులు రుద్ది, రంధ్రమునకు సరిచూచి దిగగొట్టును.